పైపొర మారితే చాలు: ప్లాస్మాతో ఉపరితలాలను మార్చడం

అందరికీ నమస్కారం. ఈ సభలో పదార్థ శాస్త్రం చదువుతున్న విద్యార్థులు ఉన్నారు, ముద్రణలోనూ ప్యాకేజింగ్‌లోనూ పనిచేసేవారు ఉన్నారు, విషయం ఏమిటో తెలుసుకుందామని వచ్చినవారూ ఉన్నారు. అందుకని సమీకరణాలు రాయను. అంకెలు మాత్రం చెబుతాను. అంకెలు లేకుండా ఈ పని అర్థం కాదు, అంకెలు లేకుండా ఈ పని చేయడం అసలే కుదరదు.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక వస్తువు సిరాకు ఎక్కడ తగులుతుంది? జిగురుకు ఎక్కడ తగులుతుంది? నీటికి, రక్తానికి, కంటికి ఎక్కడ తగులుతుంది? పైనే కదా. లోపల ఎంత మందం ఉన్నా, ఎంత బలం ఉన్నా, బయటి నుంచి వచ్చేదానికి తెలిసేది పైనున్న కొన్ని అణువుల వరుసలే. కానీ మనం పదార్థాన్ని ఎంచుకునేది దేన్ని చూసి? లోపలి గుణాలను చూసి. తేలికగా ఉందా, విరగకుండా వంగుతుందా, వేడికి తట్టుకుంటుందా, చవకగా దొరుకుతుందా అని చూసి తెచ్చుకుంటాం. తెచ్చుకున్నాక అది పైపొర దగ్గర మొండికేస్తుంది. రంగు పట్టదు. జిగురు పట్టదు. అప్పుడు పదార్థాన్నే మార్చేయాలా? అక్కర్లేదు. పైపొరను మార్చుకుంటే చాలు, లోపలిది లోపల అలాగే ఉండనివ్వవచ్చు. ప్లాస్మాతో చేసే పని ఇదే.

పాలిథీన్‌ను తీసుకోండి. దాని గొలుసుల్లో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరొకటి లేదు. నీటి అణువుకు గానీ, సిరాలోని అణువుకు గానీ పట్టు దొరికే చోటు అక్కడ లేదు. ఆ పట్టును కొలిచే అంకెను ఉపరితల శక్తి అంటాం. పాలిథీన్‌కు అది మీటరుకు దాదాపు 31 మిల్లీన్యూటన్లు. ముద్రణ పనిలో ఉన్నవారు దీన్ని 31 డైన్లు అంటారు, నేనూ ఇక్కడి నుంచి అలాగే అంటాను. పాలీప్రొపిలీన్‌కు 30 దరిదాపుల్లో ఉంటుంది. టెఫ్లాన్‌కు 20 లోపే. మరి నీటి తలతన్యత ఎంత? దాదాపు 73 డైన్లు. అంత తేడా ఉంటే నీరు ఎందుకు పరుచుకుంటుంది? పరుచుకోదు, ముడుచుకుని బొట్టుగా కూర్చుంటుంది. ఆ బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శ కోణం అంటాం. థామస్ యంగ్ 1805లోనే ఈ కోణం వెనుక ఉన్న బలాల లెక్క చెప్పారు. పాలీప్రొపిలీన్ మీద నీటి బొట్టుకు ఈ కోణం దాదాపు 100 డిగ్రీలు. టెఫ్లాన్ మీద 110. బాగా శుభ్రం చేసిన గాజు మీద నీరు దాదాపు చదునుగా పరుచుకుంటుంది.

ముద్రణలో పనిచేసేవారికి తెలిసిన మోటు లెక్క ఒకటి ఉంది. సిరా తలతన్యత ఎంతో, ఫిల్ము ఉపరితల శక్తి దానికంటే పది డైన్లు ఎక్కువ ఉండాలి అని. ఇది ప్రకృతి నియమం కాదు, అనుభవంలోంచి వచ్చిన లెక్క. మొదటి అంచనాకు పనికివస్తుంది. అంతకుమించి దాన్ని నమ్ముకుంటే ఎక్కడ దెబ్బతింటామో కాసేపట్లో చెబుతాను.

ఇక ప్లాస్మా అంటే ఏమిటి? వాయువుకు తగినంత విద్యుత్ శక్తి ఇస్తే కొన్ని పరమాణువుల నుంచి, అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. ఎలక్ట్రాన్లు, అయాన్లు, ఉత్తేజం పొందిన అణువులు, ముక్కలైన అణువులు, వాటితోపాటు వెలుగు, అతినీలలోహిత కిరణాలు, ఇవన్నీ కలిసిన స్థితి అది. ఇర్వింగ్ లాంగ్మ్యూర్ 1928లో దానికి ప్లాస్మా అని పేరు పెట్టారు. ఆ పేరు రాకముందే దాన్ని వాడినవారు ఉన్నారు. వెర్నర్ ఫాన్ సీమెన్స్ 1857లో ఓజోన్ తయారీకి కట్టిన పరికరం ఇప్పటికీ మనకు నమూనానే. రెండు ఎలక్ట్రోడ్లు, మధ్యలో విద్యుత్తును పోనివ్వని పొర, సన్నని ఖాళీ. అంతే. ఈనాటి ప్లాస్టిక్ ఫిల్ము యంత్రాల్లో ఉన్న అమరిక దాని సంతతే.

చల్లని ప్లాస్మా

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం రావాలి. రాకపోతే నేను తెప్పిస్తాను. ప్లాస్మా అంటే సూర్యుడు, మెరుపు, వెల్డింగ్ మంట అని చదువుకున్నాం. అంత వేడిలో పలుచని ప్లాస్టిక్ ఫిల్మును పెడితే మిగులుతుందా? మిగలదు. మరి ఎలా పెడుతున్నాం?

ఈ మొత్తం విద్యకు ప్రాణం ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. మనం వాడే ప్లాస్మాలో ఒకే ఉష్ణోగ్రత ఉండదు. ఎలక్ట్రాన్లకు ఒకటి, వాయువుకు మరొకటి. విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్‌ను సులభంగా పరుగెత్తిస్తుంది, ఎందుకంటే అది చాలా తేలిక. నైట్రోజన్ అణువు ఎలక్ట్రాన్ కంటే 50,000 రెట్లు బరువు. ఇసుక రేణువు వచ్చి బండరాయికి తగిలితే బండ కదులుతుందా? అలాగే ఎలక్ట్రాన్ అణువును ఢీకొని పక్కకు మళ్లినప్పుడు తన శక్తిలో అతి స్వల్ప భాగమే దానికి ఇస్తుంది. కాబట్టి ఎలక్ట్రాన్లు శక్తి కూడబెట్టుకుంటూ పోతాయి, వాయువు మాత్రం గది ఉష్ణోగ్రతకు దగ్గరలోనే ఉండిపోతుంది. ఎలక్ట్రాన్ల సగటు శక్తి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక్క ఎలక్ట్రాన్ వోల్టు అంటే దాదాపు 11,600 కెల్విన్లకు సమానం. చేయి పెడితే కాలని వాయువులో పదివేల డిగ్రీలు దాటిన ఎలక్ట్రాన్లు తిరుగుతున్నాయన్న మాట!

ఇప్పుడు ఇంకో అంకె చూడండి. పాలిమర్‌లో కార్బన్, కార్బన్ మధ్య బంధాన్ని తెంచడానికి దాదాపు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కార్బన్, హైడ్రోజన్ మధ్య బంధానికి నాలుగు పైచిలుకు. మన ప్లాస్మాలోని ఎలక్ట్రాన్ల శక్తి కూడా ఇదే శ్రేణిలో ఉంది. అంటే ఏమిటి? వాయువులోని అణువులను ముక్కలు చేయగలవు, ఉపరితలంలోని బంధాలను తెంచగలవు, కానీ పదార్థాన్ని కరిగించేంత వేడి పుట్టించవు. రసాయన చర్యకు సరిపడా శక్తి ఉంది, కాల్చేంత వేడి లేదు. నాకు ఈ పొందిక ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ చల్లదనాన్ని నిలబెట్టడం ఎలా? ఒక దారి పీడనం తగ్గించడం. మామూలు గాలిలో ఒక అణువు మరో అణువును ఢీకొనకుండా వెళ్లే దూరం 70 నానోమీటర్లు కూడా ఉండదు. పంపుతో గాలి తీసేసి పీడనాన్ని వెయ్యో వంతుకు దించితే ఆ దూరం వెయ్యి రెట్లు పెరుగుతుంది. ఢీలు తగ్గుతాయి, ఎలక్ట్రాన్లు పుంజుకోవడానికి దూరం దొరుకుతుంది, వాయువు వేడెక్కదు. పైగా గాలి తీసేసిన ఆ యంత్రపు గది అంతా సమంగా వెలుగుతుంది, వంపులున్న వస్తువుకు అన్ని పక్కలా తగులుతుంది. ఇలాంటి యంత్రాల్లో ఎక్కువగా వినిపించే పౌనఃపున్యం 13.56 మెగాహెర్ట్‌జ్. పరిశ్రమల కోసం అంతర్జాతీయంగా కేటాయించిన పౌనఃపున్యాల్లో అదొకటి.

మరి కిలోమీటర్ల పొడవున ఫిల్ము ఆగకుండా చుట్టుకుంటూ పోయే చోట శూన్యపు గది పెట్టగలమా? పెట్టవచ్చు, కానీ ఖర్చు, శ్రమ. అక్కడ సీమెన్స్ అమరికే దిక్కు. ఎలక్ట్రోడ్ల మధ్య కొన్ని మిల్లీమీటర్లే ఖాళీ, మధ్యలో విద్యుత్ నిరోధక పొర. సన్నని మెరుపు పోగులు వేల సంఖ్యలో పుడతాయి. ఒక్కో పోగు పుట్టగానే దాని కింద ఆ పొర మీద ఆవేశం పేరుకుని, దాన్ని అదే ఆర్పేస్తుంది. ఒక్కోదాని ఆయుష్షు నానోసెకన్లలోనే. వేడెక్కే తీరిక దానికి ఉండదు. 1951లో డెన్మార్క్ ఇంజనీరు వెర్నర్ ఐస్బీ ప్లాస్టిక్ ఫిల్ము కోసం ఈ పద్ధతిని పరిశ్రమలోకి తెచ్చారు. కొరోనా ట్రీటర్ అని మీరు పిలిచేది అదే. వెనుక కూర్చున్న ప్యాకేజింగ్ మిత్రులు తల ఊపుతున్నారు, సంతోషం.

ఉపరితలం మీద ఏం జరుగుతుందో చూద్దాం. మొదట శుభ్రం. వేలి ముద్రల కొవ్వు, అచ్చు విడిపించే నూనెల జాడ, గాలిలోంచి వచ్చి పేరుకున్న సేంద్రియ మలినాలు, వీటిని ఆక్సిజన్ ప్లాస్మా కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మార్చి పంపేస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి, జాడలను మాత్రమే. కంటికి కనిపించే జిడ్డును ప్లాస్మాతో తీయాలని చూడకండి, అది కడగవలసిన జిడ్డు. లవణాలు, లోహపు ధూళి కూడా దీనితో పోవు.

తరువాత అసలు మార్పు. బంధాలు తెగిన చోట జత లేని ఎలక్ట్రాన్లు మిగులుతాయి. అవి ఊరుకోవు. ఆక్సిజన్ ఉంటే పట్టుకుంటాయి, హైడ్రాక్సిల్, కార్బొనిల్, కార్బాక్సిల్ సమూహాలు ఏర్పడతాయి. నీటికి, సిరాకు పట్టు దొరికేది వీటి దగ్గరే. అమ్మోనియా వాడితే అమైన్ సమూహాలు వస్తాయి, ప్రొటీన్లను కట్టి ఉంచాలనుకునేవారికి అవి కావాలి. కార్బన్ టెట్రాఫ్లోరైడ్ వాడితే కథ తిరగబడుతుంది, ఉపరితలం నీటిని మరింత తరిమేస్తుంది. అదే యంత్రం, అదే గది, వాయువు మారింది, అంతే. గది వదిలి గాలిలోకి తెచ్చాక కూడా మిగిలిన తెగిన చివరలు ఆక్సిజన్‌ను పట్టుకుంటూనే ఉంటాయి. అందుకే ఆర్గాన్‌తో చేసిన నమూనాలో ఆక్సిజన్ ఎక్కడినుంచి వచ్చిందని విద్యార్థులు అడుగుతూ ఉంటారు.

ఇదంతా ఎంత లోతున? పది నానోమీటర్ల లోపు. అతినీలలోహిత కిరణాలు ఇంకాస్త లోపలికి పోతాయి, కానీ రసాయన మార్పులో ముఖ్యమైన భాగం పైనే ఉంటుంది. 25 మైక్రాన్ల ఫిల్ము మందంలో పది నానోమీటర్లంటే 2,500వ వంతు. మిగతా ఫిల్ముకు ఏమీ తెలియదు. దాని బలం అలాగే ఉంటుంది, పారదర్శకత అలాగే ఉంటుంది.

తడవడం, పట్టుకోవడం

ఇందాక దెబ్బతినే చోటు చెబుతానన్నాను. అక్కడికి వచ్చాం. నేను ఈ రోజు ఒక్క విషయమే చెప్పి వెళ్లాలంటే ఇదే చెబుతాను: ఉపరితలం తడిసిందంటే జిగురు పట్టిందని కాదు. రెండూ వేరు.

1960ల మధ్యలో బెల్ ప్రయోగశాలల్లో షాన్‌హార్న్, హాన్సెన్ అనే ఇద్దరు పాలిథీన్‌ను హీలియం వంటి జడవాయువుల ప్లాస్మాకు కొద్దిసేపు చూపించారు. జిగురుతో అతికిస్తే అతుకు బలం విపరీతంగా పెరిగింది. నీరు పరుచుకోవడంలో మాత్రం పెద్ద మార్పు లేదు! ఎలా సాధ్యం? వారు ఇచ్చిన వివరణ ఏమిటంటే, పాలిథీన్ పైన వదులుగా ఉన్న చిన్న గొలుసుల పొర ఒకటి ఉంటుంది. ఎంత మంచి జిగురు పూసినా అది పట్టుకునేది ఆ వదులు పొరనే. లాగగానే పొర ఊడివస్తుంది. ప్లాస్మా ఆ గొలుసులను ఒకదానితో ఒకటి అల్లి గట్టిపరిచింది. పట్టుకోవడానికి గట్టి నేల దొరికింది.

దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో జరిగే నష్టాన్ని ఇప్పుడు చూడండి. శక్తి పెంచుతూ పోతే ఏమవుతుంది? గొలుసులు తెగుతూనే పోతాయి. ఆక్సిజన్ నిండిన చిన్న చిన్న ముక్కలు పైన పేరుకుంటాయి. డైన్ పెన్నుతో, అంటే ఇన్ని డైన్లని తలతన్యత తెలిసిన ద్రవం నింపిన పెన్నుతో, గీసి చూస్తే అంకె అద్భుతంగా ఉంటుంది. నీరు చక్కగా పరుచుకుంటుంది. సిరా కూడా చక్కగా పరుచుకుంటుంది. టేపు అతికించి లాగితే ఆ ముక్కలతో సహా సిరా ఊడివస్తుంది. అంకె పెరిగింది, పట్టు తగ్గింది. అంతేనా? అతిగా చేసిన ఫిల్ము చుట్టలో పొరకు పొర అంటుకుపోతుంది. వేడితో మూసే అతుకు సరిగా పడదు. రోలరుకు, ఫిల్ముకు మధ్య గాలి చిక్కితే వెనుక వైపు కూడా మెరుపు పడి, అక్కర్లేని వైపు మారిపోతుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా తేలిక. నమూనాను నీటితో కడగండి, ఆరబెట్టండి, స్పర్శ కోణం మళ్లీ కొలవండి. కడిగిన తరువాత కోణం బాగా పెరిగిందా? అయితే మీరు చూసి మురిసిన మార్పులో చాలా భాగం కడిగితే పోయే ముక్కలే. ఈ పరీక్ష చేయకుండా శక్తి పెంచే మీట ముట్టుకోవద్దని నా మనవి. నిజంగా మనవి చేస్తున్నాను. ఎక్కువ చేస్తే ఎక్కువ మంచిదనే నమ్మకం ఈ రంగంలో పాడుచేసినంత సరుకును యంత్రాల లోపాలు కూడా పాడుచేయలేదని నా అభిప్రాయం.

ఇంకొకటి కాలం. ప్లాస్మా చేసిన ఉపరితలం అలాగే ఉండిపోదు. పాలిమర్ గొలుసులు కదులుతాయి. గాలికి ఆక్సిజన్ సమూహాలు ఎదురుగా ఉండటం వాటికి ఇష్టం లేని స్థితి, శక్తి ఎక్కువగా ఉండే స్థితి. నెమ్మదిగా లోపలికి తిరుగుతాయి. జారుడు గుణం కోసం ఫిల్ములో కలిపిన పదార్థాలు రోజులు గడిచేకొద్దీ పైకి తేలివచ్చి ఉపరితలాన్ని కప్పేస్తాయి. అందుకే ఫిల్ము తయారైన చోట ఒకసారి, ముద్రణకు ముందు మరోసారి కొరోనా ఇస్తారు. వేడిగా ఉన్న గోదాములో ఈ క్షీణత త్వరగా సాగుతుంది. చుట్ట మీద అంకె ఒక్కటే రాస్తే చాలదు, తేదీ కూడా రాయాలి.

సిలికోన్ రబ్బరులో ఇది మరీ త్వరగా కనిపిస్తుంది. ఆక్సిజన్ ప్లాస్మాలో పెట్టి తీయగానే నీరు దానిమీద పూర్తిగా పరుచుకుంటుంది. గంటల్లోనే మళ్లీ బొట్టు కట్టడం మొదలవుతుంది. కానీ ఆ కొద్ది నిమిషాల్లో ఒక గొప్ప పని చేయవచ్చు. ప్లాస్మాలో పెట్టిన సిలికోన్‌ను, ప్లాస్మాలో పెట్టిన గాజును ఒకదానికొకటి ఆనించండి. జిగురు లేదు, వేడి దాదాపు అక్కర్లేదు. రెండు వైపులా ఉన్న సిలనాల్ సమూహాలు, అంటే సిలికాన్‌కు అతుక్కున్న హైడ్రాక్సిల్ సమూహాలు, కలిసి సిలికాన్, ఆక్సిజన్, సిలికాన్ బంధంగా మారతాయి. ఆ తరువాత లాగితే రబ్బరు చిరుగుతుంది తప్ప అతుకు విడిపోదు. 1998లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం ఈ పద్ధతిని సూక్ష్మ ద్రవ వాహికల తయారీకి వాడి చూపించింది. వెంట్రుక మందం ఉన్న కాలువల్లో ద్రవాలను నడిపించి పరీక్షలు చేసే పరికరాలు ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలల్లో ఈ దారిలోనే తయారవుతున్నాయి. ఇక్కడ కూడా అతి పనికిరాదు. ఎక్కువసేపు పెడితే పైన గాజు లాంటి పెళుసు పొర ఏర్పడి పగుళ్లు ఇస్తుంది, ఆ పగుళ్లలోంచి లోపలి చిన్న గొలుసులు ఊరి పైకి వస్తాయి.

మన శరీరానికి దగ్గరగా వచ్చే ఉపయోగాలు రెండు చెబుతాను. కణాలను పెంచే ప్రయోగశాల గిన్నెలు పాలీస్టైరీన్‌తో చేస్తారు. చేసినది చేసినట్టుగా ఉంటే చాలా రకాల కణాలు దానికి సరిగా అంటుకోవు. ప్లాస్మాతో గానీ కొరోనాతో గానీ మార్చాక, ద్రవంలోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ వంటి ప్రొటీన్లు సరైన తీరులో దానిమీద నిలుస్తాయి, కణాలు ఆ ప్రొటీన్లను పట్టుకుంటాయి. రెండోది, కంటి కటకాలు. సిలికోన్ హైడ్రోజెల్ కటకాలు 1999 ప్రాంతంలో బజారులోకి వచ్చాయి. సిలికోన్ ఆక్సిజన్‌ను బాగా పోనిస్తుంది, కంటికి అది కావాలి. కానీ సిలికోన్ నీటిని ఒప్పుకోదు, కన్నీటి పొర నిలవదు. ఆ తొలి కటకాలకు ప్లాస్మాతోనే పరిష్కారం దొరికింది. లోపలి గుణం కోసం ఎంచుకున్న పదార్థానికి పైపొర ఒక్కటి మార్చడం అంటే ఏమిటో దీనికంటే చక్కగా చూపే ఉదాహరణ నాకు కనబడలేదు.

లోహాల గురించి ఒక్క మాటే. ఉక్కు గేర్లను నైట్రోజన్, హైడ్రోజన్ ప్లాస్మాలో 400 నుంచి 580 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి గట్టిపరుస్తారు. 1930లలో జర్మనీలో బెర్న్‌హార్డ్ బెర్గ్‌హౌస్ మొదలుపెట్టిన దారి ఇది. అక్కడ నైట్రోజన్ మిల్లీమీటరులో పదో వంతు, అంతకుమించి కూడా లోపలికి వ్యాపిస్తుంది. అది చల్లని పని కాదు, దానికి వేరే ప్రసంగం కావాలి.

ప్రశ్నలు

ఇక్కడ ఎడమవైపు కూర్చున్న అమ్మాయి అడుగుతున్నది ఓజోన్ గురించి. మంచి ప్రశ్న. గాలిలో ప్లాస్మా చేస్తే ఓజోన్ పుడుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఊపిరితిత్తులకు హాని. ఘాటైన వాసన వస్తోందంటే గాలి పీల్చి బయటకు పంపే ఏర్పాటు సరిగా లేదని అర్థం. వాసనకు అలవాటు పడటం పరిష్కారం కాదమ్మా, యంత్రం ఆపి గొట్టాలు చూడాలి. ఓజోన్‌ను విచ్ఛిన్నం చేసే వడపోతలు ఉన్నాయి, అవి పెట్టించాలి. ఫ్లోరిన్ ఉన్న వాయువులతో పనిచేసేవారికి ఇంకా జాగ్రత్త కావాలి, హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుట్టే అవకాశం ఉంది. మరో సంగతి, డైన్ పెన్నుల్లోని ద్రవాల్లో చాలావాటిలో ఫార్మమైడ్ ఉంటుంది. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

చివరి వరుస నుంచి అడిగినది: చుట్టలో ఏ వైపు మార్పు జరిగిందో తెలియకపోతే ఎలా? అంచున చిన్న ముక్క కోయండి. 38 డైన్ల ద్రవాన్ని రెండు వైపులా గీయండి. రెండు సెకన్లపాటు చెదరకుండా నిలిచిన గీత మార్చిన వైపుది, వెంటనే బొట్లుగా విడిపోయినది మార్చని వైపుది. రెండు వైపులా నిలిచిందంటే వెనుక వైపు కూడా మెరుపు పడిందని అనుమానించండి. రెండు వైపులా విడిపోయిందంటే తేదీ చూడండి. ఒక్క చోట గీసి నిర్ణయించకండి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెడల్పంతటా ఐదారు చోట్ల గీయండి. ఎలక్ట్రోడ్ ఒక పక్క వంగి ఉంటే ఆ పక్కన అంకె వేరుగా వస్తుంది. ఒకసారి గీసిన చోట మళ్లీ గీయకండి, పెన్ను మొన ఉపరితలం మీది మలినాన్ని ఎత్తుకుని తరువాతి కొలతను పాడుచేస్తుంది.